బీజింగ్ బాతు: కరకరలాడే చర్మం వెనుక ఉన్న సైన్సు

వాన పడే రోజున వేయించిన అప్పడాన్ని కాసేపు కంచంలో వదిలేస్తే ఏమవుతుందో మీ అందరికీ తెలుసు. కరకరలాడే అప్పడం కాస్తా మెత్తబడి, తోలులా సాగుతుంది. కారణం ఏమిటి? గాలిలో ఉన్న తేమను అది పీల్చుకుంది. అంటే కరకరలాడే గుణానికి నీరే శత్రువు అన్నమాట. నీరు పోతే పెళుసుదనం వస్తుంది. నీరు చేరితే పెళుసుదనం పోతుంది.

ఇప్పుడొక చిక్కు ప్రశ్న. ఒకే పదార్థంలో పైపొర అప్పడంలా కరకరలాడాలి. దాని కిందనే, కొద్ది మిల్లీమీటర్ల దూరంలో, లోపలి భాగం రసం ఊరుతూ మెత్తగా ఉండాలి. పైపొరలోని నీరు పోవాలి, లోపలి నీరు మాత్రం పోకూడదు. రెంటికీ మంట ఒక్కటే! ఇది సాధ్యమేనా?

సాధ్యమేనని చైనా రాజధాని బీజింగ్ వంటవాళ్ళు చాలాకాలం కిందటే చేసి చూపించారు. వాళ్ళు వండే కాల్చిన బాతు ప్రపంచ ప్రసిద్ధం. చైనా భాషలో దాని పేరు 'బీజింగ్ కావ్ యా'. 'కావ్' అంటే కాల్చిన, 'యా' అంటే బాతు. ఆ నగరాన్ని పూర్వం ఇంగ్లీషులో పెకింగ్ అనేవారు కనుక ఈ వంటకు 'పెకింగ్ డక్' అనే పేరు నిలిచిపోయింది.

మీలో మాంసం తిననివాళ్ళు కూడా ఉంటారు. ఫరవాలేదు. ఈ వంటను తినకపోయినా అర్థం చేసుకోవచ్చు. బాష్పీభవనం, గుప్తోష్ణం, ఉష్ణవికిరణం, విసరణం అంటూ మీరు తరగతిలో విడివిడిగా చదివే పాఠాలన్నీ ఇక్కడ ఒకే చోట పనిచేస్తూ కనిపిస్తాయి.

రెండు బట్టీలు

బీజింగ్‌లో ఈ వంటకు రెండు సంప్రదాయాలున్నాయి. ఒకటి మూసిన బట్టీ, రెండవది తెరిచిన బట్టీ.

మూసిన బట్టీకి పేరుపడ్డది 'బ్యెన్‌యీఫాంగ్' అనే భోజనశాల. తన పుట్టుక 1416వ సంవత్సరమని అది చెప్పుకుంటుంది. ఇందులో మొదట జొన్న చొప్ప మండించి బట్టీ గోడలను బాగా కాలనిస్తారు. మంట తగ్గాక బాతులను లోపల పెట్టి తలుపు మూసేస్తారు. మంట నేరుగా తగలదు. కాలిన ఇటుకలు దాచుకున్న వేడే బాతును ఉడికిస్తుంది. మధ్యలో తలుపు తీస్తే ఆ వేడి పోతుంది కనుక పని పూర్తయ్యే దాకా తీయరు.

తెరిచిన బట్టీకి పేరు తెచ్చినది 'చ్వాన్‌జూదె'. కోళ్ళు, బాతులు అమ్ముకునే యాంగ్ చ్వాన్‌రన్ అనే వ్యాపారి దీనిని 1864లో స్థాపించాడు. ఈ బట్టీకి తలుపు ఉండదు. బాతులను కొక్కేలకు వేలాడదీసి, పండ్లచెట్ల కట్టెలు మండించి కాలుస్తారు. రేగు జాతి చెట్టు, బేరి, పీచ్ వంటి చెట్ల కట్టెలు గట్టిగా ఉండి, పొగ తక్కువగా, నిలకడగా మండుతాయి. ఈ రెండు పద్ధతులనూ చైనా ప్రభుత్వం 2008లో జాతీయ సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

రాజకీయ చరిత్రలో కూడా ఈ బాతుకు కొంచెం చోటుంది. 1971 జూలైలో అమెరికా ప్రతినిధి హెన్రీ కిసింజర్ రహస్యంగా బీజింగ్ వెళ్ళినప్పుడు, చైనా ప్రధాని చౌ ఎన్‌లై ఆయనకు ఇచ్చిన విందులో వడ్డించినది ఈ బాతునే.

బాతుకూ కోడికీ తేడా

ఈ వంటకు బాతే ఎందుకు? కోడి పనికిరాదా?

బాతు నీటి పక్షి. చల్లని నీటిలో గంటల తరబడి ఈదినా దాని ఒంటి వేడి పోకూడదు. అందుకని చర్మం కింద మందమైన క్రొవ్వు పొర ఉంటుంది. క్రొవ్వు అధమ ఉష్ణవాహకం. మనం చలికాలంలో కప్పుకునే రగ్గు లాంటిదే బాతుకు ఈ పొర. కోడికి ఇంత క్రొవ్వు ఉండదు.

ఈ వంటకు వాడేది పెకిన్ అనే తెల్లని పెంపుడు జాతి. ప్రపంచంలోని చాలా పెంపుడు బాతుల మాదిరిగానే ఇది కూడా మల్లార్డ్ అనే అడవిబాతు నుంచి వచ్చింది. 1873లో కొన్ని పక్షులను ఓడలో అమెరికాకు తీసుకువెళ్ళారు. అక్కడ మాంసం కోసం పెంచే బాతుల్లో ఈ జాతే ప్రధానమైపోయింది.

క్రొవ్వు పొర వంటవాడికి వరమే, చిక్కు కూడా. అది కరిగితే చర్మం తన క్రొవ్వులో తానే వేగుతుంది. కరిగిన క్రొవ్వు బయటికి పోయే దారి లేకపోతే మాత్రం చర్మం జిడ్డుగా, రబ్బరులా మిగిలిపోతుంది. ఆ దారి ఎలా కల్పించాలి?

మొదటి మెట్టు: గాలి నింపడం

శుభ్రం చేసిన బాతు మెడ దగ్గర చిన్న గాటు పెట్టి, చర్మానికీ మాంసానికీ మధ్యకు గాలి ఊదుతారు. పూర్వం నోటితోనే ఊదేవారు. ఇప్పుడు పంపు వాడతారు. బాతు బెలూనులా ఉబ్బుతుంది. చర్మం మాంసం నుంచి విడివడుతుంది. ఊదిన గాలి పోకుండా ఉండాలంటే పొట్ట పెద్దగా కోయకూడదు. అందుకే రెక్క కింద చిన్న రంధ్రం చేసి, దానిలోంచే లోపలి అవయవాలు తీసేస్తారు. పొట్ట కుంగిపోకుండా లోపల ఒక జొన్నదంటు ముక్కను గుంజలా నిలబెడతారు.

దీనివల్ల రెండు లాభాలు. చర్మం కింద ఖాళీ ఏర్పడుతుంది కనుక కరిగిన క్రొవ్వు కిందికి జారిపోతుంది. రెండవది, గాలి కూడా అధమ ఉష్ణవాహకమే. చర్మం బాగా వేడెక్కినా ఆ వేడి వెంటనే మాంసంలోకి పోదు. పైన ఒక ఉష్ణోగ్రత, లోపల మరొక ఉష్ణోగ్రత ఉండడానికి ఇది తొలి ఏర్పాటు.

రెండవ మెట్టు: వేణ్ణీళ్ళు, మాల్టు పాకం

తర్వాత బాతును కొక్కేనికి తగిలించి, పైనుంచి సలసల మరిగే నీళ్ళు పోస్తారు. చర్మంలో కొల్లాజెన్ అనే మాంసకృత్తి ఉంటుంది. వేడి తగలగానే దాని పోగులు ముడుచుకుంటాయి. చర్మం డోలుమీది తోలులా బిగుస్తుంది. పైన అంటుకున్న క్రొవ్వు కూడా కడుక్కుపోతుంది. నూనెకూ నీటికీ పొత్తు కుదరదు కదా! క్రొవ్వు మరకలుంటే తర్వాత పూసే పాకం సమంగా అంటదు.

ఆ పాకం మాల్టోజ్ పాకం. ధాన్యాన్ని మొలకెత్తిస్తే అందులోని ఎంజైములు పిండిపదార్థాన్ని మాల్టోజ్ అనే చక్కెరగా మారుస్తాయి. మొలకెత్తిన రాగులతో చేసే పిండిని మన ఇళ్ళలో రాగి మాల్టు అనడానికీ, మాల్టోజ్ అన్న పేరుకూ మూలం ఒకటే. ఈ పాకాన్ని నీళ్ళతో పలుచన చేసి బాతుమీద పోస్తారు.

మామూలు పంచదార ఎందుకు వాడరు? పంచదార సుక్రోజ్. మాల్టోజ్ క్షయకరణ చక్కెర. మీ ప్రయోగశాలలో బెనెడిక్ట్ ద్రావణంతో వేడి చేస్తే మాల్టోజ్ రంగు మార్పు చూపుతుంది, సుక్రోజ్ చూపదు. ఈ తేడా బట్టీలో ఎంత ముఖ్యమో కాసేపట్లో చూద్దాం.

మూడవ మెట్టు: ఆరబెట్టడం

ఇక తొందరపడకూడని పని. పాకం పూసిన బాతును చల్లని, గాలి ఆడే చోట చాలా గంటలు వేలాడదీస్తారు. కొందరు ఒక రోజంతా ఆరబెడతారు. చర్మం ముట్టుకుంటే కాగితంలా అనిపించాలి.

చర్మంపై ఉన్న నీరు ఆవిరి అవుతుంది. పైన నీరు తగ్గగానే చర్మం లోతుల్లో ఉన్న నీరు పైకి వస్తుంది. ఎక్కువ ఉన్న చోటి నుంచి తక్కువ ఉన్న చోటికి అణువులు నడవడమే విసరణం. ఇది నెమ్మదిగా జరిగే పని. బలవంతాన వేగం పెంచుదామని వేడి చేస్తే బాతు ఉడికిపోతుంది, లేదా సూక్ష్మజీవులు పెరిగి మాంసం పాడవుతుంది. అందుకే చల్లదనమూ కావాలి, పొడి గాలీ కావాలి. బీజింగ్ చలికాలం సరిగ్గా అలాంటిది. చాలా చలి, గాలిలో తేమ బహు తక్కువ. ఇప్పుడు ఏ కాలంలోనైనా శీతల గదుల్లో పంకాలు పెట్టి ఆరబెడుతున్నారు.

ఇంతసేపు ఆరబెట్టడం ఎందుకు? ఎలాగూ బట్టీలో ఎండుతుంది కదా అని మీరు అడగవచ్చు. లెక్క వేసి చూడండి. ఒక గ్రాము నీటిని 30 డిగ్రీల నుంచి 100 డిగ్రీల సెంటీగ్రేడుకు వేడి చెయ్యడానికి 70 కేలరీలు చాలు. అదే గ్రాము నీటిని 100 డిగ్రీల దగ్గర ఆవిరిగా మార్చడానికి సుమారు 540 కేలరీలు కావాలి. ఇదే బాష్పీభవన గుప్తోష్ణం. అంటే దాదాపు ఎనిమిది రెట్లు! చర్మంలో నీరు ఉన్నంతసేపూ మంట ఇచ్చే వేడంతా ఆ నీటిని ఆవిరి చెయ్యడానికే ఖర్చవుతుంది. చర్మం ఉష్ణోగ్రత 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. చర్మం ఎండి ఎర్రబడేసరికి లోపలి మాంసం ఎండి పీచు పీచు అయిపోతుంది. ముందే ఆరబెడితే చర్మం త్వరగా 100 డిగ్రీలు దాటుతుంది. మాంసం బతికిపోతుంది.

నాలుగవ మెట్టు: కడుపులో నీళ్ళు, బయట మంట

తెరిచిన బట్టీలో కాల్చేముందు మరో చమత్కారం చేస్తారు. బాతు వెనుక రంధ్రాన్ని జొన్నదంటు ముక్కతో బిరడా వేసి, రెక్క కింద రంధ్రంలోంచి కడుపులోకి మరిగే నీళ్ళు పోస్తారు. చర్మంలో నీరు ఉండకూడదని ఇంత అవస్థపడి, కడుపులో నీళ్ళు పోయడం ఏమిటి?

ఇక్కడే ఉంది కిటుకు. చర్మంలో ఏ గుణం చేటు చేసిందో, కడుపులో అదే గుణం మేలు చేస్తుంది. సాధారణ పీడనంలో నీరు 100 డిగ్రీలు దాటదు. కనుక బయట బట్టీ వేడి 200 డిగ్రీలు దాటినా బాతు లోపలి వైపు ఆవిరిమీద ఉడుకుతుంది. బయట కాలడం, లోపల ఉడకడం రెండూ ఒకేసారి జరుగుతాయి. మాంసం రెండువైపులనుంచీ ఉడుకుతుంది కనుక త్వరగా అవుతుంది, రసమూ నిలుస్తుంది.

బట్టీలో వేడి బాతును ఎలా చేరుతుంది? కాలిన ఇటుకల నుంచి, మంట నుంచి కిరణాలుగా వచ్చేది ఉష్ణవికిరణం. వేడిగాలి పైకి లేచి గుండ్రని కప్పు కింద తిరుగుతూ తెచ్చేది ఉష్ణసంవహనం. చర్మం నుంచి లోపలికి పాకేది ఉష్ణవహనం. మూడు పద్ధతులూ ఒకే బట్టీలో ఉన్నాయి. మంట వైపు ఉన్న భాగానికే కిరణాలు ఎక్కువ తగులుతాయి. అందుకే వంటవాడు పొడవాటి కర్రతో బాతులను తిప్పుతూనే ఉంటాడు. దాదాపు ముప్పావుగంటలో పని పూర్తవుతుంది.

ఉడికిందో లేదో కోయకుండా ఎలా తెలుస్తుంది? అనుభవజ్ఞులైన వంటవాళ్ళు కడుపులోంచి వచ్చే నీటి రంగు చూస్తారు. గులాబి రంగుగా ఉంటే ఇంకా కొంచెం ఉడకాలి. తెల్లబడితే ఉడికినట్టే. ఎర్రరంగునిచ్చే మాంసకృత్తులు వేడికి రూపం మారి ఆ రంగును కోల్పోతాయి. థర్మామీటరు లేని రోజుల్లో ఆ రంగే వాళ్ళకు థర్మామీటరు.

ఆ ఎర్రని నిగనిగ ఎక్కడిది?

చర్మం ఎండి 140 డిగ్రీలు దాటేసరికి రసాయన శాస్త్రం వేగం పుంజుకుంటుంది. మాల్టోజ్ వంటి క్షయకరణ చక్కెరలు, మాంసకృత్తులలోని ఎమైనో ఆమ్లాలతో చర్య జరుపుతాయి. వందల కొద్దీ కొత్త పదార్థాలు పుడతాయి. కొన్ని ఎరుపు, గోధుమ రంగుల్నిస్తాయి. కొన్ని ఘుమఘుమలాడే వాసననిస్తాయి. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ కమీ మయ్యార్ ఈ చర్యను 1912లో వివరించాడు. దీనికి ఆయన పేరే పెట్టారు. దోసె అడుగున ఎర్రబడడం, కాఫీ గింజలు వేయిస్తే వీధంతా వాసన రావడం కూడా ఈ కోవలోవే. ఇడ్లీ ఎంతసేపు ఉడికినా తెల్లగానే ఎందుకుంటుందో ఇప్పుడు మీరే చెప్పగలరు.

ఈలోగా చర్మంలోని కొల్లాజెన్ వేడికి జెలటిన్‌గా మారి, ఉన్న నీరు కోల్పోయి, గాజులా పెళుసుబారుతుంది. కొరికితే ఫట్‌మని విరుగుతుంది. మన చిక్కు ప్రశ్నకు జవాబు దొరికింది.

ఎలా తినాలి?

ఈ బాతును చల్లారబెట్టి తినకూడదు. బట్టీలోంచి తీసిన క్షణం నుంచీ మాంసంలోని ఆవిరి చర్మంలోకి చేరడం మొదలవుతుంది. వాననాటి అప్పడం గతే చర్మానికి పడుతుంది. అందుకే తినేవాళ్ళ బల్ల దగ్గరికే తెచ్చి, అప్పటికప్పుడు పలుచని ముక్కలుగా కోస్తారు. ఒక బాతును 108 ముక్కలు చెయ్యాలని సంప్రదాయం. ముక్కముక్కకీ కొంత చర్మం, కొంత మాంసం ఉండాలి.

మొదట రొమ్ముమీది చర్మం ముక్కను పంచదారలో అద్దుకుని తింటారు. చర్మం విరిగే చప్పుడు విని, బాతు క్రొవ్వు నోట్లో కరగడం గమనించాలి. ఆ క్రొవ్వు మన శరీర ఉష్ణోగ్రత కన్నా చాలా తక్కువలోనే కరుగుతుంది కనుక నాలుకకు అంటుకోదు.

తర్వాత పలుచని గోధుమ రొట్టె. దానిమీద తియ్యని ముద్ద లాంటి పచ్చడి రాసి, ఉల్లికాడ ముక్కలు, కీరదోస ముక్కలు, రెండు మూడు బాతు ముక్కలు పెట్టి, చుట్ట చుట్టి చేత్తో తింటారు. ఎక్కువ కూరితే రొట్టె చిరుగుతుంది, రుచీ తెలియదు. ఈ పచ్చడిని గోధుమపిండిని ఒకరకం బూజుతో పులియబెట్టి చేస్తారు. బూజు మాంసకృత్తులను విడగొట్టడం వల్ల గ్లుటమేట్ పుడుతుంది. దాని రుచి తీపి, పులుపు, ఉప్పు, చేదులకు భిన్నమైనదని 1908లో జపాన్ శాస్త్రజ్ఞుడు కికునే ఇకెడా గుర్తించి, 'ఉమామి' అని పేరు పెట్టాడు. ఉల్లికాడలోని గంధక పదార్థాల ఘాటు, కీరదోస చల్లదనం క్రొవ్వు వల్ల కలిగే వెగటును పోగొడతాయి.

చివరగా, మిగిలిన ఎముకలను క్యాబేజీతో మరిగించి చారు చేస్తారు. ఎముకలను అంటిపెట్టుకున్న కొల్లాజెన్ నీళ్ళలో కరిగి జెలటిన్ అవుతుంది. చారు చిక్కనవుతుంది. గమనించారా? ఒకే కొల్లాజెన్ నీరు లేనిచోట పెళుసైన చర్మం అయింది, నీరు ఉన్నచోట చిక్కని చారు అయింది.

క్రొవ్వు గ్రాముకు 9 కిలోకేలరీల శక్తినిస్తుంది. కనుక ఇది రోజూ తినే తిండి కాదు. చైనాలో కూడా దీనిని విందు భోజనంగానే చూస్తారు, నలుగురు కూర్చుని పంచుకుంటారు.

ఒక ఆక్షేపణ

ఈ వంటలో మెచ్చుకోలేని సంగతి కూడా ఒకటుంది. క్రొవ్వు బాగా పట్టడానికి సంప్రదాయం ప్రకారం బాతులకు చివరి రెండు మూడు వారాలు గొంతులోకి మేత బలవంతంగా కుక్కుతారు. అలా పెంచిన బాతును 'త్యెన్ యా' అంటారు, అంటే 'కుక్కిన బాతు'. పక్షికి ఇది హింసే. ఇలాగే బలవంతంగా మేపిన బాతుల, పెద్దబాతుల కాలేయంతో చేసే 'ఫ్వా గ్రా' అనే వంటకం దిగుమతిని మన దేశం 2014లో నిషేధించింది. జాతి ఎంపికతో, మంచి మేతతో బలవంతం లేకుండానే బాతుకు తగినంత క్రొవ్వు పట్టించవచ్చు. పైన చూసిన మెట్లలో దేనికీ ఈ హింస తప్పనిసరి కాదని మీరు గమనించే ఉంటారు. రుచికి మూలం గాలి, ఎండుదల, వేడి. కొంచెం తక్కువ క్రొవ్వున్న బాతు చర్మమైనా సరిగ్గా ఆరితే కరకరలాడుతుంది.

ఈ మాటకు చైనా భాషలో మరో వాడుక ఉంది. అర్థం కాకుండా పాఠాలను విద్యార్థుల బుర్రల్లోకి కుక్కే చదువును అక్కడ 'కుక్కిన బాతు చదువు' అంటారు! గుప్తోష్ణం నిర్వచనాన్ని పదిసార్లు వల్లించినవాడు పరీక్షలో రాయగలడు. ఆరిన చర్మం ఎందుకు త్వరగా ఎర్రబడుతుందో చెప్పగలిగినవాడికి ఆ గుప్తోష్ణం సొంతమైనట్టు. ఆ బట్టీల దగ్గర నిలబడిన వంటవాళ్ళకు ఈ నిర్వచనాలేవీ తెలియవు. చూశారు, మార్చి చూశారు, మళ్ళీ చూశారు. సైన్సు మొదలయ్యేది అక్కడే.

మీరు చేసి చూడండి

(పొయ్యి దగ్గర చేసే ప్రయోగాలు పెద్దవాళ్ళ ఎదుటనే చెయ్యండి.)

1. రెండు బ్రెడ్డు ముక్కలు తీసుకోండి. ఒకదానిమీద నీళ్ళు చిలకరించండి. రెంటినీ ఒకే పెనంమీద, ఒకే మంటపై కాల్చండి. ఏది ముందు ఎర్రబడుతుంది? ఎంత సేపటి తేడా ఉంది? గడియారం చూసి రాసుకోండి.

2. వేయించిన రెండు అప్పడాలలో ఒకదాన్ని గాలి చొరని డబ్బాలో, ఒకదాన్ని బయట ఉంచండి. గంటకోసారి విరిచి చప్పుడు వినండి. ఎండాకాలంలో ఒకసారి, వానాకాలంలో ఒకసారి చేసి పోల్చండి.

3. రెండు చిన్న చపాతీ ఉండల మధ్య నూనె రాసి, ఒకదానిపై ఒకటి పెట్టి, కలిపి పలుచగా వత్తి కాల్చండి. కాలాక రెండు పొరలుగా విడదీయండి. బీజింగ్ బాతుతో తినే రొట్టెలు ఇలా కూడా చేస్తారు. నూనె ఏం పని చేసింది? పొరల మధ్య ఆవిరి ఏం పని చేసింది?

ఆలోచించి చెప్పండి

1. ప్రెషర్ కుక్కర్‌లో ఉడికించిన బాతు చర్మం కరకరలాడుతుందా? ఎందుకు?

2. చర్మంలో ఇంకా 50 గ్రాముల నీరు ఉంది. 100 డిగ్రీల దగ్గర దాన్నంతా ఆవిరి చెయ్యడానికి ఎన్ని కేలరీలు కావాలి?

3. సముద్రతీరంలో, తేమగా ఉండే ఊళ్ళో ఈ వంట చెయ్యాలంటే ఏ మెట్టు దగ్గర ఎక్కువ జాగ్రత్త పడాలి?